ఫార్మాట్ చేసినా వైరస్ ఎందుకు తిరిగి వస్తుంది? ఒక పాత డీటీపీ ల్యాప్‌టాప్‌కు మరమ్మతు

నమస్కారం. ఇప్పుడు మీరు తెరమీద చూస్తున్నది ఒక జిరాక్స్, డీటీపీ సెంటర్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన ల్యాప్‌టాప్. ఇందులో మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో ఇందులోనే కంపోజ్ అయ్యాయి. దీనికి పట్టినది షార్ట్‌కట్ వైరస్. యజమాని దీన్ని ఒకసారి ఫార్మాట్ చేయించారు, అయినా కొద్ది రోజులకే వైరస్ మళ్ళీ ప్రత్యక్షమైంది. అది ఎక్కడి నుంచి తిరిగి వచ్చిందో తెలియకుండా మరోసారి ఫార్మాట్ చేయించడం డబ్బు దండగ.

ముందుగా ఈ వైరస్ పనితీరును దగ్గరగా చూద్దాం. ఈ పెన్‌డ్రైవ్‌లో 'కార్డ్స్' అనే ఫోల్డర్ ఉన్నట్టు కనిపిస్తోంది, కాని దాని మూలన చిన్న బాణం గుర్తు ఉన్నది గమనించండి. రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో టార్గెట్ అన్న గడిలోని వాక్యాన్ని చివరిదాకా జరుపుతూ చదవండి. మొదట ఆదేశాలు నడిపే సీఎండీ, తర్వాత స్క్రిప్టులు నడిపే డబ్ల్యూస్క్రిప్ట్, దాని పక్కన అర్థంపర్థం లేని పేరుతో ఒక వీబీఎస్ ఫైలు, అంటే వైరస్ ఉన్న స్క్రిప్టు, ఆఖరున ఫోల్డర్లు తెరిచే ఎక్స్‌ప్లోరర్, దాని వెంట అసలు ఫోల్డర్ పేరు కనిపిస్తాయి. అంటే మీరు డబుల్ క్లిక్ చేసిన క్షణంలో ముందు వైరస్ నడుస్తుంది, ఆ వెంటనే మీరు కోరిన ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. కోరినది తెరుచుకున్నాక అనుమానించేది ఎవరు? అసలు ఫోల్డర్‌కు హిడెన్, సిస్టమ్ అనే రెండు లక్షణాలు తగిలించి వైరస్ దాన్ని కంటికి కనబడకుండా దాచిపెడుతుంది. ఫైళ్ళన్నీ పోయాయని గాభరాపడి అప్పటికప్పుడు పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసేవారు తమ చేతులతో తామే వాటిని పోగొట్టుకుంటున్నారు.

ఒకప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టగానే ఆటోరన్ ద్వారా వైరస్ తనంతట తానే నడిచేది. 2008లో బయటపడిన కాన్ఫికర్ అనే వైరస్ వ్యాపించడానికి వాడుకున్న దారుల్లో అదొకటి. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీ, విస్టా కంప్యూటర్లలో కూడా పెన్‌డ్రైవ్ ఆటోరన్‌ను అప్‌డేట్ ద్వారా ఆపివేసింది. ఆ దారి మూసుకుపోయాక మన చేతే క్లిక్ చేయించే ఈ ఎత్తుగడకు గిరాకీ పెరిగింది. 2014 జూన్‌లో మైక్రోసాఫ్ట్ కోర్టు ద్వారా అడ్డుకట్ట వేయడానికి ప్రయత్నించిన జెన్‌క్సస్ అనే వైరస్ ఈ కోవకు చెందినదే. అది వ్యాపించడంతో సరిపెట్టుకోదు, మన కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే వీలును బయటివారికి కల్పిస్తుంది. కాబట్టి ఈ ల్యాప్‌టాప్‌లో వాడిన ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డులన్నింటినీ వేరొక శుభ్రమైన పరికరం నుంచి మార్చమని యజమానికి మొదటే చెప్పాను.

ఇక వైరస్ తిరిగి రావడం సంగతి. మన దగ్గర ల్యాప్‌టాప్ డిస్క్‌ను సీ, డీ, ఈ అని భాగాలు చేసి ఇవ్వడం అలవాటు. ఫార్మాట్ చేశామని చెప్పినప్పుడు చాలాసార్లు చేసినది సీ డ్రైవ్ ఒక్కటే, ఎందుకంటే కస్టమర్ ఫైళ్ళన్నీ డీలో ఉంటాయి. ఈ ల్యాప్‌టాప్ డీ డ్రైవ్‌లో చూడండి, అదే వీబీఎస్ ఫైలు, అవే బాణం గుర్తుల ఫోల్డర్లు. కొత్త విండోస్‌లో యజమాని డీలోకి వెళ్ళి పాత పెళ్ళి కార్డు ఒకటి తెరిచారు, అంతటితో వైరస్ విండోస్ మొదలవగానే నడిచే స్టార్టప్ ఫోల్డర్‌లోనూ, విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలోనూ మళ్ళీ కాపురం పెట్టింది. దీనికి తోడు, అదే డీలో పేజ్‌మేకర్‌ను లైసెన్సు లేకుండా నడిపించే క్రాక్ ఉన్న ఫోల్డర్ కూడా ఉంది. దాన్ని నడపడానికి ముందు యాంటీవైరస్‌ను ఆపమని అందులోని సూచన చెబుతోంది. దొంగకు మనమే తలుపు తీసి పట్టుకోవడం అంటే ఇదే.

అందువల్ల ఈ డిస్క్‌లోని విండోస్‌ను నేను మళ్ళీ ఆన్ చేయను. వేరొక కంప్యూటర్‌లో లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచే ఈ ల్యాప్‌టాప్‌ను బూట్ చేస్తున్నాను. విండోస్ కోసం రాసిన వీబీఎస్ స్క్రిప్టు ఇక్కడ నడవదు, పైగా విండోస్‌లో దాగిన ఫోల్డర్లు ఇక్కడ మామూలుగానే కనిపిస్తాయి. ఒకవేళ డ్రైవ్ చదవడానికి మాత్రమే తెరుచుకుంటే కంగారు పడనక్కరలేదు. త్వరగా ఆన్ కావడానికి విండోస్‌లో ఉండే ఫాస్ట్ స్టార్టప్ వల్ల అది పూర్తిగా ఆగకపోవడమే దానికి కారణం కావచ్చు, మనకు కావలసినది కాపీ చేసుకోవడమే కాబట్టి అదీ మంచిదే. పేజ్‌మేకర్ పీఎండీ ఫైళ్ళు, ఫోటోలు, పీడీఎఫ్‌లు, కోరల్‌డ్రా ఫైళ్ళు తీసుకోవాలి. ప్రోగ్రాములు, స్క్రిప్టులు, షార్ట్‌కట్లు అయిన ఈఎక్స్‌ఈ, వీబీఎస్, బ్యాట్, ఎల్‌ఎన్‌కే ఫైళ్ళను ఎంత అవసరం అనిపించినా వదిలేయాలి. డీటీపీ పనిచేసేవారికి ఒక ప్రత్యేక జాగ్రత్త అవసరం. అను ఫాంట్లు యూనికోడ్ అనే ఉమ్మడి అక్షర ప్రమాణానికి చెందినవి కావు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో మీ శుభలేఖ ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగంగా కనిపిస్తుంది. కనుక ఫాంట్ల ఫోల్డర్‌ను, లైసెన్సు వివరాలను, అసలు ఇన్‌స్టాలేషన్ డిస్క్‌ను భద్రపరచుకున్న తర్వాతే ముందుకు సాగాలి.

కాపీ జరుగుతున్నప్పుడే ఇంకొక విషయం బయటపడింది. కొన్ని ఫోల్డర్ల దగ్గర వేగం దాదాపు సున్నాకు పడిపోతోంది. డిస్క్ ఆరోగ్యాన్ని చూపే స్మార్ట్ వివరాలు తెరిస్తే రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడైపోయి వేరే చోటికి మార్చినవి), పెండింగ్ సెక్టార్లు (సరిగా చదవలేకపోతున్నవి) రెండూ సున్నా దాటి ఉన్నాయి. యజమాని వైరస్ వల్లనే అనుకున్న నెమ్మదితనంలో పెద్ద వాటా అరిగిపోతున్న ఈ డిస్క్‌దే. ఇలాంటి డిస్క్‌ను శుభ్రం చేసి మళ్ళీ వాడటం నా దృష్టిలో వృథా శ్రమ. దీని స్థానంలో రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్క్, బిగించాను. నాలుగు స్క్రూలు, ఒక కనెక్టర్, అంతే పని. పాత డిస్క్ బయటికి వచ్చింది కాబట్టి దానిలోని వైరస్ కూడా దానితోనే బయటికి వచ్చింది.

ఏ విండోస్ వేయాలన్నది తర్వాతి ప్రశ్న. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్‌లోనైతే సాధారణంగా ఎనిమిదో తరం నుంచే ప్రాసెసర్లను అధికారికంగా ఒప్పుకుంటారు, కాబట్టి ఈ మూడో తరం ల్యాప్‌టాప్‌కు అది కుదరదు. విండోస్ 10 సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 7 మద్దతు 2020 జనవరి 14నే ముగిసింది. ఇంటర్నెట్, ఈమెయిల్ మాత్రమే కావాలనుకునేవారికి లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసి ఇవ్వడం మేలు. ఇక్కడ పేజ్‌మేకర్ తప్పనిసరి కనుక విండోస్ 10 వేసి, దీన్ని కంపోజింగ్‌కే పరిమితం చేసి, వైఫై ఆపివేశాను.

అయితే నెట్ ఆపినంత మాత్రాన డీటీపీ సెంటర్‌లో వైరస్ ఆగదు, అది వచ్చేదే కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లలో కదా. అందుకే రెండు సెట్టింగులు మార్చాను. మొదటిది, ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైళ్ళను, ఫైలు పేర్ల చివరి ఎక్స్‌టెన్షన్లను కనబడేలా చేయడం. రెండవది, రిజిస్ట్రీలో హెచ్‌కేఎల్‌ఎమ్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ స్క్రిప్ట్ హోస్ట్, సెట్టింగ్స్ దగ్గర ఎనేబుల్డ్ అనే డీవర్డ్, అంటే సంఖ్యా విలువ, సృష్టించి దాన్ని సున్నా చేయడం. ఇది స్క్రిప్టులు నడిపే స్క్రిప్ట్ హోస్ట్‌ను ఆపుతుంది. ఇప్పుడు ఇందాకటి పెన్‌డ్రైవ్‌లో అదే షార్ట్‌కట్‌ను నొక్కుతున్నాను. మీరు ఇంట్లో ఈ పరీక్ష చేయవద్దు. స్క్రిప్ట్ హోస్ట్‌ను ఈ కంప్యూటర్‌లో నిలిపివేశారని విండోస్ చెబుతోంది, వీబీఎస్ నడవలేదు.

ఆ పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్ళను బయటికి తేవడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా టైప్ చేయాలి: అట్రిబ్, స్పేస్, మైనస్ హెచ్, స్పేస్, మైనస్ ఎస్, స్పేస్, మైనస్ ఆర్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, స్లాష్ డీ, స్పేస్, ఆపైన పెన్‌డ్రైవ్ అక్షరం, కోలన్, బ్యాక్‌స్లాష్, స్టార్, చుక్క, స్టార్. ఎంటర్ నొక్కాక అసలు ఫోల్డర్లు బయటపడతాయి. అప్పుడు వీబీఎస్ ఫైలును, బాణం గుర్తున్న షార్ట్‌కట్లన్నింటినీ తొలగించి, పెన్‌డ్రైవ్‌ను కస్టమర్‌కు తిరిగి ఇచ్చేటప్పుడు ఇంటి కంప్యూటర్‌ను కూడా ఒకసారి చూపించుకోమని చెప్పాలి.