కుర్చీ గెలిచాక

సభకు నమస్కారం. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.

కార్యవర్గం వారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. తర్వాత పిల్లల డాన్సులు, ఆ తర్వాత భోజనాలు. పులిహోర వాసన ఇక్కడిదాకా వస్తోంది. అందుకని వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ చదవను, వారు ఏమీ అనుకోరు. వేప పువ్వు నెల్లూరు నుంచి మోసుకొచ్చిన అమ్మకి మాత్రం చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. కార్డిఫ్‌లో వేప పువ్వుతో ఉగాది పచ్చడి తిని నాకు చాలా ఏళ్ళయింది.

ఉగాదికి కవి సమ్మేళనం పెట్టుకోవడం మన అలవాటు కదా, ఇక్కడి వేల్స్ వాళ్ళకీ అలాంటి పండగ ఉంది కదా, రెండూ కలిపి నాలుగు మంచి మాటలు చెప్పండి డాక్టర్ గారూ అన్నారు. సరే అని రాసుకొచ్చాను. కాగితం జేబులోనే ఉంది. కానీ నిజానికి నేను చెప్పాలని వచ్చింది వేరు. ఇక్కడ చిన్న వయసులో రచనకి బహుమతి గెలిచిన పిల్లలు తర్వాత ఏమయ్యారు? ఇది కొన్నేళ్ళుగా నన్ను పట్టుకున్న ప్రశ్న. ఎందుకు పట్టుకుందో కూడా చెబుతాను.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం కాస్త ముందునుంచి చెప్పాలి. ఆ పండగ పేరు ఐస్తెద్‌వొడ్. వేల్స్ వాళ్ళ సొంత భాష వెల్ష్‌లో పాట, కవిత్వం, నాటకం అన్నీ కలిసిన పోటీ. మొదటి జాతీయ ఐస్తెద్‌వొడ్ 1861లో ఆబర్‌డేర్‌లో జరిగింది. నేను ఇరవై ఆరేళ్ళు డాక్టరుగా చేసింది ఆ ఊరి పక్కనే. కవికి ఇచ్చే పెద్ద బహుమతులు రెండు, ఒకటి కుర్చీ, ఒకటి కిరీటం. కుర్చీ అంటే నిజంగా కుర్చీయే, ఇంటికి తీసుకుపోవచ్చు. ఆ కుర్చీ కోసం రాసే పద్యంలో కుంగ్‌హానెద్ అని ఒక నియమం ఉండాలి. మన యతిప్రాసలకి చుట్టం అనుకోండి. అందులో ఒక రకంలో, పాదం మొదటి సగంలో వచ్చిన హల్లులు అదే వరసలో రెండో సగంలోనూ రావాలి. ఛందస్సు నేర్చుకున్నవాళ్ళకి తెలుస్తుంది, అదెంత కష్టమో.

అందరూ మారుపేరుతోనే పంపాలి. సభలో న్యాయనిర్ణేత లేచి తీర్పు చదువుతాడు. ఎవరికీ అర్హత లేదనుకుంటే ఆ ఏడు కుర్చీ ఇవ్వరు. ఉంటే, గెలిచిన మారుపేరు చెప్పి, ఆ పేరుగల మనిషి లేచి నిలబడాలంటారు. బాకా ఊదుతారు. వేలమందిలోంచి ఒక్కరు లేస్తారు. పక్క సీట్లో కూర్చున్నవాడికి కూడా అప్పటిదాకా తెలియదు! 1917లో ఇలాగే మారుపేరు పిలిస్తే ఎవరూ లేవలేదు. హెద్ విన్ అనే ఆ కవి, గొర్రెలు కాసుకునే కుర్రాడు, దానికి ఐదారు వారాల ముందే యుద్ధంలో చనిపోయాడు. కుర్చీ మీద నల్లగుడ్డ కప్పి వాళ్ళ ఊరికి పంపారు. ఆ కుర్చీ ఇప్పటికీ ఆ ఇంట్లో ఉంది. వీలైతే ట్రాస్వనిద్ వెళ్ళి చూడండి.

పిల్లలకి వేరే ఐస్తెద్‌వొడ్ ఉంది. 1922లో పుట్టిన ఇర్ద్ అనే పిల్లల సంస్థ 1929 నుంచి నడుపుతోంది. మన పిల్లలు బడి తరఫున పాటలకి, డాన్సులకి వెళ్తారే, అదే. అందులో రాసే పిల్లలకీ కుర్చీ ఉంది, కిరీటం ఉంది.

ఇక అసలు మాటకొస్తాను. కారదోగ్ ప్రిచర్డ్ అని ఒకాయన. 1904లో బెథెస్డాలో పుట్టాడు. మన చిన్నప్పుడు పలకలు ఉండేవే, ఆ పలకరాయి తవ్వే ఊరు. ఐదు నెలల పసిబిడ్డగా ఉండగా తండ్రి ఆ క్వారీలోనే ప్రమాదంలో పోయాడు. తల్లి ఆ బాధతో, పేదరికంతో నలిగి నలిగి మతి చెడింది. డెన్బీలోని పిచ్చాసుపత్రికి తీసుకుపోయారు. ఆమె మిగిలిన జీవితం దాదాపు అక్కడే గడిచింది. ఆ కుర్రాడు పత్రికలో పనికి కుదిరాడు. 1927లో హోలీహెడ్‌లో జాతీయ కిరీటం గెలిచాడు. అప్పటికి వయసు 22. మరుసటేడు ట్రియోర్కీలో, ఆ మరుసటేడు లివర్‌పూల్‌లో మళ్ళీ గెలిచాడు. వరసగా మూడేళ్ళు! ఆ పద్యాల్లో ఉన్నది భర్త పోయిన ఆడమనిషి, చెదిరిపోయిన మనసు. అంటే అమ్మే.

తర్వాత ఏమైంది? లండన్ వెళ్ళి పత్రికాఫీసుల్లో ఏళ్ళ తరబడి ఉద్యోగం చేశాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కొంతకాలం ఢిల్లీలో కూడా ఉన్నాడు. 1939లో ఒక కవిత పంపితే, బాగుంది కానీ ఇచ్చిన విషయం మీద లేదని కిరీటం ఇవ్వలేదు. ఇక ఆయన పని అయిపోయింది అనుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. 1961లో ఒక నవల వేశాడు. పేరు 'ఉన్ నోస్ ఓలా లెయాద్', 'ఒక వెన్నెల రాత్రి' అని అర్థం. తమ ఊరి యాసలో, ఒక పిల్లాడి నోట చెప్పించాడు. అమ్మని తీసుకుపోయిన ఆ సంగతే. వెల్ష్‌లో వచ్చిన గొప్ప నవల ఏది అంటే ఇవాళ్టికీ చాలామంది చెప్పే పేరు అదే. ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. ఆ మరుసటేడు కుర్చీ కూడా గెలిచాడు. తొలి కిరీటానికీ ఆ నవలకీ మధ్య 34 ఏళ్ళు! బహుమతి అందుకున్న పిల్ల మరుసటి నెల్లోనే ఏదో సాధించాలని తొందరపడే తల్లిదండ్రులు ఆ 34 ఏళ్ళు తలుచుకోవాలి.

స్వాన్సీ కుర్రాడు డిలన్ థామస్ సంగతి మీకు తెలిసిందే. ఇంగ్లీషులో రాశాడు. 1934లో లండన్ పత్రిక ఒకటి నడిపిన పోటీలో గెలిచాడు. బహుమతి ఏమిటో తెలుసా? పుస్తకం అచ్చువేయడం. మొదటి పుస్తకం వచ్చేనాటికి ఆయనకి ఇరవయ్యేళ్ళు. దీని గురించి మళ్ళీ చెబుతాను, గుర్తుపెట్టుకోండి.

మీరందరూ కార్డిఫ్ బే వెళ్తారు. మిలీనియం సెంటర్ ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మొదట తీసుకెళ్ళేది అక్కడికే. ఆ కట్టడం నెత్తిన పెద్ద పెద్ద అక్షరాలు ఉంటాయి. ఆ అక్షరాలు కిటికీలు. రాత్రయితే లోపలి వెలుగు వాటిలోంచి వస్తుంది. అవి రాసిందెవరో ఎప్పుడైనా ఆలోచించారా? గ్వినెత్ లూయిస్. ఈ కార్డిఫ్‌లోనే 1959లో పుట్టింది. 1977లో ఒకసారి, 1978లో ఒకసారి ఇర్ద్ ఐస్తెద్‌వొడ్‌లో సాహిత్య పతకం గెలిచింది. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్ల. గెలిచిన ఆ రచనలని ఇర్ద్ వాళ్ళే పుస్తకాలుగా వేశారు. తర్వాత కేంబ్రిడ్జ్, అమెరికా, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన. 2005లో వేల్స్ జాతీయ కవి అనే పదవి పెట్టినప్పుడు మొట్టమొదట ఆమెకే ఇచ్చారు. 2012లో జాతీయ కిరీటం వచ్చింది. వెల్ష్ భాష హత్యకి గురైనట్టూ, ఎవరు చంపారో ఒక డిటెక్టివ్ వెతుకుతున్నట్టూ ఒక కావ్యం రాసింది. ఇంగ్లీషు, వెల్ష్ రెండు భాషల్లోనూ కవి. ఆ గోడ మీద వెల్ష్ వాక్యానికి అర్థం, కవిత్వపు కొలిమిలోంచి గాజులా నిజాన్ని తీయడం అని. పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు చదివించండి.

ఇప్పుడు నా సంగతి.

మా అమ్మాయిని వెల్ష్ మీడియం బడిలో వేశాం. పక్కింటి పిల్లలంతా వెళ్తున్నారు, తోడుంటుందని, అంతే. మార్చి 1, సెయింట్ డేవిడ్ పండగకి ఇక్కడ బళ్ళల్లో కూడా ఐస్తెద్‌వొడ్ చేస్తారని మీకు తెలుసు. అమ్మాయికి పదిహేనేళ్ళు. కథ రాసి పంపింది. బడి కుర్చీ గెలిచింది. మారుపేరు పిలిస్తే లేచి నిలబడిందట. హాల్లో అందరూ చప్పట్లు. నేను లేను. క్లినిక్‌లో పేషెంట్లు ఉన్నారు అన్నాను. నిజమే, ఉన్నారు. కానీ ఆ రోజు నా బదులు పేషెంట్లని చూడ్డానికి మనిషి కూడా ఉన్నాడు. రాత్రి ఇంటికొచ్చేసరికి హాల్లో చిన్న కుర్చీ ఉంది, మోకాలి ఎత్తున, ఓక్ చెక్కతో చేసింది. పిల్ల దాని పక్కనే నిలబడి ఉంది. నేను అడిగింది ఏమిటో చెప్పనా? "కెమిస్ట్రీలో ఎంతొచ్చింది?" అని.

డెబ్బై ఒకటి అంది. పైకి వెళ్ళిపోయింది. తర్వాత ఎప్పుడూ కథ రాయలేదు. ఫార్మసిస్టు అయింది, బాగా చేస్తోంది, నాకు గర్వంగానే ఉంది. ఆ కుర్చీ మీద మేము ఇన్నేళ్ళూ షూ పాలిష్ డబ్బాలు పెట్టుకున్నాం.

రిటైరయ్యాక నేను వెల్ష్ క్లాసులకి వెళ్ళాను. నాలుగేళ్ళు పట్టింది, తడుముకుంటూ చదవగలుగుతున్నాను. ఒకరోజు అటక సర్దుతుంటే ఆ కథ దొరికింది. దానికి పిన్ను కొట్టి టీచరు రాసిన తీర్పు, ఒకటిన్నర పేజీ. అమ్మాయి పెట్టుకున్న మారుపేరు పెన్నార్. మన పెన్నమ్మ! మ్యాపుల్లో ఇంగ్లీషు వాళ్ళు అలాగే రాసేవాళ్ళు. మౌంటెన్ యాష్ అనే ఊరికి వెల్ష్ పేరు ఆబర్‌పెన్నార్, అంటే పెన్నార్ ఏరు కలిసే చోటు. టీచరు ఏం రాశారంటే, 'ఈ రచయిత మన పెన్నార్ గురించి రాస్తోందనుకున్నాను. మూడో పేరాలో ఇసుక వచ్చింది. మన ఏట్లో ఇసుక ఎక్కడిది?' అని. కథలో ఒక ముసలమ్మ ఎండాకాలం నెల్లూరు దగ్గర పెన్నలో నడుస్తూ, ఇసుక చేత్తో తోడి నీళ్ళు పట్టుకుంటుంది. మా అమ్మ. 'చెలమ' అన్న మాటకి వెల్ష్ దొరక్క అమ్మాయి అలాగే రాసేసింది. టీచరు దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, 'ఈ మాట ఉంచు' అని రాశారు.

నా కూతురి కథని అంత శ్రద్ధగా చదివిన మనిషి ఒకరున్నారు. అది నేను కాదు.

క్షమించండి... మంచినీళ్ళు ఒక గుక్క.

కుర్చీ ఒక్కటే అయితే అది చెక్క సామాను. ఇక్కడ వాళ్ళు ఇంకో రెండు పనులు చేస్తారు. ఒకటి, జాతీయ ఐస్తెద్‌వొడ్‌లో గెలిచిన రచనలనీ, తీర్పులనీ కలిపి ప్రతి ఏడూ పుస్తకం వేస్తారు. అందులో ఓడినవాళ్ళ మారుపేర్లు కూడా ఉంటాయి, ఎక్కడ బాగుంది, ఎక్కడ జారింది అని. ఓడిన పిల్ల కూడా తన గురించి పెద్ద కవి రాసిన నాలుగు వాక్యాలు చదువుకుంటుంది. రెండు, వచన పతకం గెలిచిన పుస్తకం ఆ రోజే అమ్మకానికి వస్తుంది. ముందే రహస్యంగా అచ్చువేసి ఉంచుతారు. శాలువా కప్పి ఫోటో తీసి పంపేయడం కాదు. చదువుతారు! డిలన్ థామస్ బహుమతి గుర్తుపెట్టుకోమన్నది అందుకే.

మానన్ స్టెఫాన్ రోస్ ఇరవైల్లోనే, 2005లో, 2006లో, నాటక పతకం గెలిచింది. 2018లో వచన పతకం. ఆ ఏడు ఐస్తెద్‌వొడ్ ఇక్కడే కార్డిఫ్ బేలో, ఆ సభ గ్వినెత్ అక్షరాలున్న కట్టడంలోనే. ఆ నవల, 'నెబో నీలి పుస్తకం', ఆమే ఇంగ్లీషులోకి తెచ్చుకుంటే 2023లో పిల్లల పుస్తకాలకి ఇచ్చే కార్నెగీ పతకం వచ్చింది. 1936 నుంచి ఇస్తున్న ఆ పతకం ఒక అనువాదానికి రావడం అదే మొదటిసారి.

మా పక్క లోయ రోండా నుంచి రేచల్ ట్రెజైస్. డిలన్ థామస్ పేరిట 2006లో మొదలుపెట్టిన అంతర్జాతీయ బహుమతి మొట్టమొదట ఆమెకే వచ్చింది, 60 వేల పౌండ్లు. ముప్ఫై నిండలేదు. తర్వాత నవలలు, కథలు. 2013లో నాటకం రాస్తే, లండన్‌లో కాదు, ట్రియోర్కీలో పార్క్ అండ్ డేర్ హాల్లో ఆడారు. గని కార్మికులు జీతాల్లోంచి చందాలేసుకుని కట్టుకున్న హాలు అది. నా పేషెంట్లు ఎంతమంది ఆ హాలు గురించి చెప్పేవారో, దగ్గుతూ దగ్గుతూ.

టైమ్ అయిపోయిందని సెక్రటరీ గారు చూస్తున్నారు. ఒక్క నిమిషం. ఇవాళ్టి కార్యక్రమం కాగితం చూశాను. పద్నాలుగు డాన్సులు ఉన్నాయి, అన్నీ చూస్తాను. కానీ మన పిల్లల్లో ఒక పాప మొన్న మార్చి 1న బళ్ళో కుర్చీ గెలిచింది. ఆ పేరు ఈ కాగితంలో లేదు. వాళ్ళమ్మ వంటింట్లో పని చేసుకుంటూ నాతో మాటవరసకి అన్నారు, "ఏదో కుర్చీ ఇచ్చారండీ" అని. అమ్మా, ఆ పాప కథ ఫోన్లో ఉంటుంది, అడగండి. తను వెల్ష్‌లో చదువుతుంది, మీరు పక్కన నిలబడి తెలుగులో చెప్పండి. తప్పులొస్తే రానివ్వండి. మా అమ్మాయి బ్రిస్టల్ నుంచి వచ్చింది, మూడో వరసలో ఉంది, విని నాలుగు మాటలు చెబుతానంది.

రామ్మా. ఎవరైనా ఆ మైకు కొంచెం కిందికి దించండి, పాపకి అందదు.