మూడు రోజులు, ఒకే లోయ: స్విట్జర్లాండ్ స్వల్ప యాత్ర గురించి ఒక ప్రసంగం

అధ్యక్షులకు, సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

యూరప్ యాత్రకు సిద్ధమవుతున్న మనవాళ్లు చాలామంది తమ ప్రయాణ పట్టికలు నాకు చూపించి సలహా అడుగుతుంటారు. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు కొందరైతే, పది పన్నెండు రోజుల్లో ఐదారు దేశాలు తిప్పి తీసుకొచ్చే బృందయాత్రల్లో చేరేవారు మరికొందరు. ఎవరి పట్టిక చూసినా స్విట్జర్లాండ్‌కు దక్కేది రెండు రాత్రులు, మహా అయితే మూడు రోజులు. ఆ మూడు రోజుల గడిలో జ్యూరిక్, లూసెర్న్, టిట్లిస్, ఇంటర్‌లాకెన్, యుంగ్‌ఫ్రౌ, జెనీవా వరుసగా రాసి ఉంటాయి. ఎన్నో ఏళ్లు కూడబెట్టిన డబ్బుతో, బహుశా మళ్లీ వెళ్లే అవకాశం లేని వయసులో చేస్తున్న ప్రయాణం అలా బస్సు కిటికీలోనుంచి గడిచిపోతుందంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అంత తక్కువ వ్యవధి ఉన్నప్పుడు దేశమంతా చూడాలన్న పట్టుదల వదులుకొని ఒక్క లోయను ఎంచుకోవాలని, రాత్రులన్నీ అక్కడే బస చేయాలని, ఏ రోజు ఏం చూడాలన్న నిర్ణయాన్ని ఆకాశానికి వదిలిపెట్టాలని చెప్పడానికే ఈ రోజు మీ ముందుకు వచ్చాను.

మనల్ని ముందుగా తప్పుదారి పట్టించేది ఆ దేశం విస్తీర్ణం. మొత్తం 41,285 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగానికి కూడా చాలదు. అంత చిన్న దేశాన్ని మూడు రోజుల్లో చుట్టి రాలేమా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ పటం మీద పక్కపక్కనే కనిపించే రెండు లోయల మధ్య నాలుగు వేల మీటర్ల కొండ గోడ ఉంటుంది. యుంగ్‌ఫ్రౌ పర్వతానికి ఉత్తరాన ఉన్న ఇంటర్‌లాకెన్ నుంచి దక్షిణాన మాటర్‌హార్న్ పాదాల దగ్గరున్న జెర్మాట్‌కు, 2007లో ప్రారంభమైన 34 కిలోమీటర్ల పైచిలుకు లోట్ష్‌బెర్గ్ సొరంగం మీదుగా వెళ్లినా, రెండు గంటలు దాటుతుంది, బండ్లు మారాలి. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగివస్తే నాలుగైదు గంటలు ప్రయాణానికే పోతాయి. దానికి తోడు రోజుకో హోటల్ మారితే పెట్టెలు సర్దడం, గది ఖాళీ చేయడం, కొత్త ఊళ్లో మధ్యాహ్నం మూడింటిదాకా గది కోసం ఎదురుచూడటం. మూడు రోజుల యాత్రలో రెండుసార్లు హోటల్ మారితే ఒక పూట పోయినట్టే.

ఏ లోయను ఎంచుకోవాలన్న ప్రశ్నకు నా జవాబు లౌటర్‌బ్రున్నెన్. ఇంటర్‌లాకెన్ నుంచి రైల్లో ఇరవై నిమిషాల దూరం. ఎత్తు సముద్రమట్టానికి సుమారు 800 మీటర్లే కాబట్టి పెద్దవాళ్లకు రాత్రి ఊపిరి ఇబ్బంది ఉండదు. లోయ అడుగు బల్లపరుపుగా ఉంటుంది. రెండు వైపులా నిట్టనిలువు సున్నపురాతి గోడలు లేస్తాయి. మంచు యుగాల్లో హిమానీనదం ఈ లోయను లోతుగా తొలుచుకుంటూ పోయింది. పక్కనుంచి వచ్చి కలిసే చిన్న లోయలకు అంత బలం లేక అవి పైనే ఉండిపోయాయి. ఇప్పుడు ఆ చిన్న లోయల వాగులు గోడ అంచుకు వచ్చి ఒక్కసారిగా కిందికి దూకుతున్నాయి. 72 జలపాతాల లోయ అని దానికి పేరు రావడానికి కారణం ఇదే.

వాటిలో స్టౌబ్‌బాఖ్ జలపాతం ఊరి వీధి చివరే కనిపిస్తుంది. ఎత్తు 297 మీటర్లు. గోడ పైభాగం కాస్త ముందుకు వంగి ఉండటం వల్ల నీరు రాతిని ఆనుకోకుండా గాలిలోనే పడుతుంది. సగం దూరం దిగేసరికి గాలి దాన్ని విడదీసి తుంపరగా మార్చి, ఒకసారి అటు, ఒకసారి ఇటు మోసుకుపోతుంది. కింద నిలబడి పది నిమిషాలు చూస్తే అది ఒకే చోట రెండుసార్లు పడటం లేదని తెలుస్తుంది. ఫోటో తీసుకొని వెంటనే తిరిగి బస్సెక్కేవారికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. మంచు కరిగే వసంతం నుంచి వేసవి మొదటి భాగం వరకు నీరు నిండుగా ఉంటుంది.

అదే లోయలో ఇంకాస్త ముందుకు వెళితే ట్రుమ్మెల్‌బాఖ్ వస్తుంది. ఐగర్, మ్యోంక్, యుంగ్‌ఫ్రౌ పర్వతాల హిమానీనదాల నీరంతా కొండ కడుపులోని ఇరుకు దారుల్లోంచి పది జలపాతాలుగా దిగుతుంది. నీరు ఎక్కువగా ఉన్న రోజుల్లో సెకనుకు 20,000 లీటర్ల దాకా ప్రవహిస్తుంది. కొండ లోపలే కట్టిన లిఫ్టులో పైకి వెళ్లి మెట్ల మీదుగా దిగుతున్నప్పుడు చేయి ఆనించిన ఇనుప కమ్మీ అదురుతుంటుంది, పక్కవారి మాట వినిపించదు. శీతాకాలంలో దీన్ని మూసివేస్తారు. వాన రోజున కూడా చూడదగిన చోటు కావడం వల్ల దీన్ని ముందుగా ఖర్చుపెట్టుకోకుండా మబ్బు పట్టిన రోజు కోసం దాచుకోవాలి.

ఆకాశానికి వదిలిపెట్టాలని నేనన్న మాటకు అర్థం ఇదే. యుంగ్‌ఫ్రౌ పక్కనే ఉన్న కొండ కనుమ యుంగ్‌ఫ్రౌయోఖ్ మీదికి రైలు టికెట్ మన డబ్బుల్లో చాలా ఖరీదైనది. చాలామంది దాన్ని నెలల ముందే, ఫలానా మంగళవారం అని కొనేసుకుంటారు. ఆ మంగళవారం కొండ మీద మబ్బు కమ్మితే, 3,454 మీటర్ల ఎత్తులో గాజు కిటికీ అవతల తెల్లటి గోడ తప్ప మరేమీ కనిపించదు. స్విట్జర్లాండ్‌లో కొండ రైళ్ల సంస్థలు శిఖరాల మీద కెమెరాలు పెట్టి దృశ్యాన్ని ప్రత్యక్షంగా చూపిస్తాయి. చాలా హోటళ్లలో టీవీలోనే ఆ దృశ్యాలు వస్తాయి. దేశ వాతావరణ సంస్థ యాప్‌లో ఊరి పేరు కొట్టి అక్కడి సూచన తెలుసుకోవచ్చు. ముందు రోజు రాత్రి సూచన, తెల్లవారి కెమెరా, ఈ రెండూ చూశాకే టికెట్ కొనండి. రద్దీ కాలంలో సీటు ముందుగా కేటాయించుకోక తప్పకపోతే, తేదీ మార్చుకునే వీలుందో లేదో కొనేముందే కనుక్కోండి. మూడు రోజులూ ఒకే లోయలో ఉన్నవారికి మూడు ఉదయాలు చేతిలో ఉంటాయి. వాటిలో ఏది తేటగా ఉంటే దాన్ని కొండకు ఇవ్వవచ్చు. రోజుకో ఊరు మారేవారికి ఆ వెసులుబాటు లేదు. ఒకే చోట ఉండాలని నేను ఇంతగా పట్టుబట్టడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

వేసవిలో ఆల్ప్స్ పర్వతాలు పొద్దున తేటగా ఉండి, ఎండ పెరిగేకొద్దీ మధ్యాహ్నానికి మబ్బులు కట్టి, ఒక్కోసారి సాయంత్రం ఉరుములతో కురుస్తాయి. కొండకు వెళ్లేవారు తొలి బండ్లలోనే వెళ్లాలి. ఈ విషయంలో భారతదేశం నుంచి నేరుగా వెళ్లేవారికి ఒక మేలు ఉంది. అక్కడి గడియారం వేసవిలో మనకంటే మూడున్నర గంటలు, శీతాకాలంలో నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది కాబట్టి మొదటి రెండు మూడు రోజులు తెల్లవారుజామున మూడు నాలుగింటికే మెలకువ వస్తుంది. దాన్ని నిద్రలేమిగా భావించి విసుక్కునే బదులు స్నానపానాలు ముగించుకొని, తొలి రైలుకు స్టేషన్‌లో ఉంటే, పది గంటలకు బస్సుల్లో వచ్చే జనం పైకి చేరేసరికి మీరు కొండను చూసి దిగివస్తుంటారు.

యుంగ్‌ఫ్రౌయోఖ్ రైలు మార్గం గురించి ఒక్క మాట. జ్యూరిక్ పారిశ్రామికవేత్త అడాల్ఫ్ గుయర్ జెల్లర్ సంకల్పించగా 1896లో పని మొదలైంది. ఆయన 1899లోనే మరణించారు. ఐగర్, మ్యోంక్ పర్వతాల లోపల ఏడు కిలోమీటర్లకు పైగా సొరంగం తొలిచి, 1912 ఆగస్టు 1న మార్గాన్ని ప్రారంభించారు. యూరప్‌లో ఇంతకంటే ఎత్తైన రైల్వే స్టేషన్ ఇప్పటికీ లేదు. దక్షిణం వైపు చూస్తే ఆల్ప్స్‌లోకెల్లా పొడవైన అలెట్ష్ హిమానీనదం ఇరవై కిలోమీటర్లకు పైగా సాగిపోతుంది. అది ఏటేటా కుంచించుకుపోతోందని తెలిసి చూడటం వేరు. అయితే మన శరీరాలకు ఆ ఎత్తు అలవాటు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1,700 మీటర్లు దాటిన శిఖరమే లేదు. ఈ రైల్లో రెండు గంటల్లో దానికి రెట్టింపు ఎత్తుకు చేరతాం. పైకి వెళ్లాక మెల్లగా నడవాలి, నీళ్లు తాగుతుండాలి, తల తిరిగితే మొహమాటపడకుండా దిగివచ్చేయాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు బయలుదేరే ముందే వైద్యులను అడగాలి.

అంత ఖర్చు పెట్టలేనివారు నష్టపోయేదేమీ లేదని నా నమ్మకం. లోయ పైనున్న మెన్లిషెన్ కొండ నుంచి క్లైన షైడెగ్ కనుమ దాకా సుమారు గంటన్నర నడక దారి ఉంది. పెద్ద ఎత్తుపల్లాలు లేవు. నడిచినంత సేపూ ఐగర్, మ్యోంక్, యుంగ్‌ఫ్రౌ ఎదురుగా నిలబడి ఉంటాయి. కొండ మీద నిలబడినవారికి ఆ కొండ కనిపించదు. ఎదుట నిలబడినవారికి మొత్తం కనిపిస్తుంది. ఇక మంచును చేత్తో తాకాలన్న కోరిక చిన్నదేమీ కాదు. కృష్ణా, గోదావరి తీరాల్లో జీవితమంతా గడిపిన మనిషికి అది ఎంత గొప్ప సంగతో నాకు తెలుసు. ఆ కోరిక ఉన్నవారు పైకి వెళ్లాల్సిందే.

రైళ్ల గురించి భయపడవద్దు. 1982 నుంచి ఆ దేశంలో బండ్లన్నీ ప్రతి గంటా ఒకే నిమిషానికి బయలుదేరేలా సమయాలు కుదిర్చారు. పెద్ద స్టేషన్లలో అన్ని వైపుల బండ్లూ దాదాపు ఒకేసారి వచ్చి కలుస్తాయి. అందుకే ఐదారు నిమిషాల వ్యవధిలో బండి మారమని పట్టిక చెబితే కంగారుపడనక్కర్లేదు. తప్పిపోయినా అరగంటకో గంటకో ఇంకొకటి ఉంటుంది. జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. ఇంటర్‌లాకెన్ ఓస్ట్ (తూర్పు స్టేషన్) నుంచి బయలుదేరే బండి జ్వైల్యూట్షినెన్ అనే చిన్న స్టేషన్‌లో రెండుగా విడిపోతుంది. ఒక సగం లౌటర్‌బ్రున్నెన్‌కు, ఇంకో సగం గ్రిండెల్‌వాల్డ్‌కు వెళతాయి. రైలు పెట్టె మీద రాసిన పేరు చూసి ఎక్కకపోతే కుటుంబం రెండు లోయల్లోకి చీలిపోతుంది. స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 రోజులకు ఇస్తారు. రైళ్లు, బస్సులు, సరస్సుల్లో పడవలు దాంట్లోకే వస్తాయి. తల్లిదండ్రులతో వెళ్లే పదహారేళ్ల లోపు పిల్లలకు ఫ్యామిలీ కార్డు మీద ఉచితం. అయితే యుంగ్‌ఫ్రౌ వైపు ఆ పాస్ లౌటర్‌బ్రున్నెన్ పైనున్న వెంగెన్ గ్రామం లేదా గ్రిండెల్‌వాల్డ్ దాకానే చెల్లుతుంది. పై భాగానికి తగ్గింపు ధరతో వేరే టికెట్ తీసుకోవాలి.

లోయలో బస చేయడం వల్ల దక్కే మరో లాభం సాయంత్రం. పగటిపూట లౌటర్‌బ్రున్నెన్ వీధి కిక్కిరిసి ఉంటుంది. ఆరు దాటాక పగటి యాత్రికులంతా వెళ్లిపోతారు. జూన్‌లో తొమ్మిదింటి దాకా వెలుతురు ఉంటుంది. ఆ మూడు గంటలు లోయలో నడవండి. అక్కడి పసుపు పచ్చని దారి పలకల మీద దూరం రాయరు, నడవడానికి పట్టే సమయం రాస్తారు; ఎంత దూరం వెళ్లి వెనక్కి తిరగాలో లెక్క వేసుకోవడం సులువు. దారి పక్కన కనిపించే పచ్చిక పార్కు కాదు, ఒక రైతు పశువుల మేత. దాన్ని కోసి, ఎండబెట్టి, శీతాకాలానికి దాచుకుంటారు. వేసవిలో పశువులను ఎత్తైన మేత భూములకు తోలుకుపోయి అక్కడే పాలు పితికి జున్నుగడ్డలు (చీజ్) కడతారు. ఈ వేసవి పశుపోషణ సంప్రదాయాన్ని 2023లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మన సినిమా పాటల్లో చూసి మురిసిన ఆ పచ్చదనం చాలావరకు ఈ రైతుల చెమట ఫలం. కోత, మేత ఆగిపోతే కొన్నేళ్లలో పొదలు, అడవి దాన్ని కమ్మేస్తాయి. ఇది తెలిసినవారు ఫోటో కోసం పచ్చికలోకి దిగి తొక్కరు.

మూడు రోజులూ వాన పడితే ఏం చేయాలని అడుగుతారు. ట్రుమ్మెల్‌బాఖ్ ఉంది. బ్రియెంజ్ సరస్సు మీద పడవ ఉంది. ఆ సరస్సు దగ్గరే బాలెన్‌బెర్గ్‌లో, దేశం నలుమూలల నుంచి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన వందకు పైగా పాత పల్లె ఇళ్లున్నాయి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా తెరిచి ఉంటుంది. బెర్న్ పాత నగరంలో సుమారు ఆరు కిలోమీటర్ల మేర కప్పుతో ఉన్న వసారాలున్నాయి, గొడుగు లేకుండా నగరం తిరగవచ్చు. తిండి విషయానికొస్తే, వంటగది ఉన్న బస తీసుకుంటే అన్నం, పెరుగుకు లోటుండదు. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి శనివారమే కొనుక్కోవాలి.

బృందయాత్రలో వెళ్లేవారికి లోయను ఎంచుకునే స్వేచ్ఛ ఉండదు. వారు కూడా చేయగలిగింది ఉంది. డబ్బు కట్టే ముందే బస ఏ ఊళ్లోనో రాతపూర్వకంగా అడగండి. రహదారి పక్కన, కొండలకు దూరంగా ఉన్న హోటల్ అయితే రెండు రాత్రులూ వృథా. గడియారాల దుకాణం కోసం కేటాయించిన రెండు గంటలు మీవే అనుకొని లూసెర్న్‌లో సరస్సు ఒడ్డున నడవండి. పద్నాలుగో శతాబ్దపు చెక్క వంతెన, 1993లో కాలిపోయాక మళ్లీ కట్టుకున్నది, అక్కడికి నాలుగడుగుల్లోనే ఉంటుంది.

నేను చెప్పిందంతా మే నుంచి అక్టోబరు దాకా వెళ్లేవారికి వర్తిస్తుంది. శీతాకాలం లెక్క వేరు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా జ్యూరిక్, బెర్న్ మైదానాల మీద రోజుల తరబడి పొగమంచు పరుచుకొని ఉంటుంది. అదే సమయంలో వెయ్యి, పన్నెండు వందల మీటర్ల పైన చాలాసార్లు ఎండ కాస్తుంటుంది. ఆ నెలల్లో వెళ్లేవారు 1,638 మీటర్ల ఎత్తున, కార్లు రాని మ్యూరెన్ గ్రామంలో బస చేయడం మేలు. సభలో డిసెంబరు ప్రయాణానికి టికెట్లు తీసుకున్నవారు ఉన్నారని ఇందాక విన్నాను. ముందుగా వారి ప్రశ్నలు తీసుకుందాం.