సెలవు ఒకరిది, డ్యూటీ ఇంకొకరిది
(ప్రపంచ పర్యాటక దినోత్సవం సందర్భంగా విశాఖపట్నంలో సోషియాలజీ, టూరిజం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

సెప్టెంబరు 27 వచ్చిందంటే పర్యాటకం మీద నాలుగు మాటలు చెప్పమని ఎవరో ఒకరు పిలుస్తారు. ఇలాంటి సభల్లో ఎంతమంది వచ్చారు, ఎంత ఆదాయం వచ్చింది అన్న చర్చే ఎక్కువ. ఆ లెక్కలు చెప్పడానికి టూరిజం శాఖ ఉంది, నేను వాటి జోలికి పోను. ఒకరు సెలవు పెట్టి సరదాగా తిరుగుతున్నప్పుడు డ్యూటీలో ఉన్నది ఎవరు? మన పరిశోధన ఈ ప్రశ్న దగ్గర మొదలవ్వాలని నా అభిప్రాయం.

అసలు పర్యాటకుడంటే ఎవరో చూద్దాం. అంతర్జాతీయంగా వాడే నిర్వచనం ప్రకారం, మామూలుగా తాను మసిలే చోటు దాటి వెళ్లి, కనీసం ఒక రాత్రి బస చేసి, ఏడాదిలోపు తిరిగొచ్చేవాడు పర్యాటకుడు. రాత్రి ఉండకపోతే ఒకరోజు సందర్శకుడు. కలకత్తా నుంచి వచ్చి లాడ్జిలో దిగిన కుటుంబం ఈ లెక్కలోకి వస్తుంది. గాజువాక నుంచి బండి మీద ముందు ఒక పిల్లాణ్ణి, మధ్యలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టుకుని ఆర్కే బీచ్‌కి వచ్చే జంట రాదు. ఆదివారం సాయంత్రం కాళీ గుడి నుంచి సబ్‌మెరైన్ దాకా నడిచి చూడండి, జనంలో మన ఊరివాళ్లే ఎక్కువ. విశ్రాంతి మీద పరిశోధన చేస్తామని చెప్పి, ఆ పూట విశ్రాంతి తీసుకుంటున్నవాళ్లలో ఎక్కువమందిని నిర్వచనంతోనే పక్కకు నెట్టేస్తున్నాం.

1841 జులై 5న ఇంగ్లండ్‌లో థామస్ కుక్ సుమారు 500 మందిని లెస్టర్ నుంచి లఫ్‌బరోకి రైల్లో తీసుకెళ్లాడు. మనిషికి ఒక షిల్లింగు. ప్యాకేజీ టూర్ల చరిత్ర సాధారణంగా ఇక్కడ మొదలుపెడతారు. వాళ్లు వెళ్లింది మద్యపాన వ్యతిరేక సభకి! అరకు వెళ్లే కొన్ని బస్సుల్లో వెనక సీట్లు చూస్తే ఆ పెద్దమనిషి ఏమనేవాడో మరి. దానికి పదకొండేళ్ల ముందే, 1830లో, ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి పరివారంతో కాశీకి బయల్దేరి మరుసటి ఏడాది తిరిగొచ్చారు. ఆ ప్రయాణం గురించి ఆయన రాసిపెట్టారు కాబట్టి మనకు తెలుసు. మేనా మోసిన బోయీలు కూడా ఆ దారంతా తిరిగినవాళ్లే. వాళ్లకది కాశీయాత్రో కూలిపనో మనకు తెలియదు, వాళ్లు రాయలేదు కదా.

1899లో వెబ్లెన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త, తీరిక అనేది డబ్బున్నవాళ్లు తమ హోదా చూపించుకునే సాధనమని రాశాడు. ఆ తీరిక కార్మికుడి దాకా వచ్చింది మాత్రం చట్టాల వల్లే. 1936లో ఫ్రాన్స్ రెండు వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. 1948లో మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణంలో విశ్రాంతిని హక్కు అంది. అదే ఏడాది మన ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. దాని ప్రకారం వారానికి 48 గంటలకు మించి పనిచేయించకూడదు, వారంలో ఒక రోజు సెలవివ్వాలి, ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాడికి మరుసటి ఏడాది ఇరవై రోజులకొకటి చొప్పున జీతంతో సెలవు అని ఉండేది. విశాఖ షిఫ్టుల ఊరు. స్టీల్ ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు ఉన్నచోట సినిమాకి ఎప్పుడు వెళ్లాలో, పెళ్లిచూపులు ఏ రోజు పెట్టుకోవాలో కూడా ఏ షిఫ్టు, బీ షిఫ్టు చూసుకునే తేల్చుకుంటారు.

దసరా రోజుల్లో బీచ్‌రోడ్డు హోటళ్లలో బెంగాలీ ఎందుకు వినిపిస్తుంది? సముద్రం అందం ఒక్కటే కారణం కాదు. హౌరా–చెన్నై రైలు మార్గం ఉంది, పూజా సెలవులున్నాయి, ఎల్‌టీసీ అనే సెలవు ప్రయాణ రాయితీ ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి నాలుగేళ్ల బ్లాకులో ఒకసారి దేశంలో ఎక్కడికైనా కుటుంబంతో వెళ్లి రావచ్చు, టికెట్ ఖర్చు ప్రభుత్వం ఇస్తుంది. సర్వీసు రూల్సులో ఆ ఒక్క నిబంధన చేసే పని ఎన్ని హోర్డింగులు పెట్టినా జరగదు.

ఇప్పుడు చూడ్డం గురించి. 1990లో జాన్ అర్రీ అనే బ్రిటిష్ సోషియాలజిస్టు ఏమన్నాడంటే, పర్యాటకుడి చూపు సహజంగా వచ్చేది కాదు, ఏది చూడాలో, ఎలా చూడాలో ముందే నేర్చుకుని వస్తాడు. అంతకు ముందే 1970ల్లో డీన్ మెకానెల్ అనే అమెరికన్ సోషియాలజిస్టు ఇంకో సంగతి పట్టుకున్నాడు. ఆధునిక మనిషి సెలవు రోజున ఇంకొకరి పనిని చూడ్డానికి వెళ్తాడని. మన కుర్సురా చూడండి. 1969లో నౌకాదళంలో చేరిన సోవియట్ తయారీ జలాంతర్గామి, 2002 నుంచి మ్యూజియం. మనం తల వంచుకుని ఆ ఇరుకు గుమ్మాలు దాటుతూ, నావికులు నిద్రపోయిన బల్లలు చూసి, ఇందులో ఎలా బతికార్రా బాబూ అనుకుంటాం. లోపల వివరాలు చెప్పేది రిటైరైన నౌకాదళం వాళ్లు. వాళ్లు చేసిన పనే మనకు కాలక్షేపం. దాన్ని చూపించడం వాళ్లకి మళ్లీ ఉద్యోగం.

మెకానెల్ 1973లో చెప్పిన ఇంకో మాట దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. పర్యాటకుడు అసలైనది వెతుక్కుంటూ వస్తాడు, అతనికి దొరికేది అతని కోసం వేదికెక్కించిన అసలుతనం అన్నాడాయన. వినగానే అరకు రిసార్టుల్లో రాత్రి భోజనాల ముందు ఆడే గిరిజన నృత్యం థింసా గుర్తొస్తుంది. ఊళ్లో చైత్రంలో ఇటుకల పండక్కి, పెళ్లిళ్లకి ఆడేది ఇక్కడ అరగంట ఐటమ్ అయింది. ఒకరి నడుము వెనక ఒకరు చేతులు కలుపుకుని, డప్పు, తుడుము, మోరి మోతకి వరసంతా ఒకేసారి ఒరుగుతుంది. చివర్లో అతిథులు కూడా వరసలో కలుస్తారు. అడుగు తప్పిన టూరిస్టుని పక్కనున్నామె మోచేత్తో కొంచెం నెట్టి దారిలో పెడుతుంది. ఆమె ముఖంలో నవ్వు చెరగదు. దీన్ని నకిలీ అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆమెకి రెండు ఆటలకీ తేడా బాగా తెలుసు. తెలియనిది మనకే. ఎరిక్ కోహెన్ అనే సోషియాలజిస్టు 1988లో అన్నట్టు, టూరిస్టుల కోసం పుట్టింది కూడా కాలం గడిచేకొద్దీ అక్కడివాళ్లకి తమదిగా మారవచ్చు. నాకు ఆ మాట మెకానెల్ మాట కంటే నచ్చుతుంది. అయినా ఇద్దరూ అడగనిది ఒకటుంది: ఆ అరగంటకి ఆమెకి ఎంత ముట్టింది, రాత్రి ఇంటికి ఎలా వెళ్లింది?

నవ్వు చెరగకపోవడం కూడా పనే. విమానాల్లో పనిచేసే వాళ్లని గమనించి ఆర్లీ హాక్‌షిల్డ్ అనే అమెరికన్ సోషియాలజిస్టు 1983లో ఈ విషయం వివరంగా రాసింది. జీతానికి చేతులే కాదు, మనసు కూడా పనిచేయాలి. మన హోటల్ రిసెప్షన్‌లో కూర్చునే పిల్లలు దీన్ని సింపుల్‌గా టెన్షన్ అంటారు.

పాడేరు దగ్గరి వంజంగి కొండ గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. పర్యాటక ప్రాంతాలు ఎలా ఎదిగి పాతబడతాయో చెప్పడానికి రిచర్డ్ బట్లర్ అనే భూగోళ శాస్త్రవేత్త 1980లో ఒక నమూనా ఇచ్చాడు. మొదట కొద్దిమంది వెతుక్కుంటూ వస్తారు, ఊరివాళ్లు టీ పెడతారు, తర్వాత బయటి పెట్టుబడి వస్తుంది, చివరికి జనం ఎక్కువై చోటు పాతబడుతుంది. పాడేరు దగ్గర తెల్లారకముందే టార్చిలైట్లతో మేఘాల కోసం కొండెక్కే గుంపును, దారి పొడుగునా టెంట్లను చూస్తే బట్లర్ సరిగ్గా చెప్పాడనిపిస్తుంది. అయితే ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది. గిరిజనేతరుడి పేరుకి అక్కడ భూమి బదిలీ కాదు. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు అనంతగిరి మండలం మైనింగ్ లీజుల మీద ఇచ్చిన తీర్పు ఈ చట్టం బలాన్ని చూపించింది. కాబట్టి బయటి పెట్టుబడి వచ్చే మెట్టు ఇక్కడ అంత నేరుగా ఉండదు. కాగితం మీద పేరు ఎవరిది, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది ఎవరు అన్నది మీలో ఒకరికి పీహెచ్‌డీ అంత పని. డాక్సీ అనే పరిశోధకుడు 1975లో చెప్పిన నిచ్చెన కూడా ఉంది. ఊరివాళ్లు మొదట సంబరపడతారు, తర్వాత పట్టించుకోరు, తర్వాత విసుక్కుంటారు, చివరికి తిరగబడతారు. ఊరంతా ఒకే మెట్టు మీద ఉంటుందా? టెంట్లు అద్దెకిచ్చే ఇల్లు సంబరంలో ఉంటుంది, చేలో బీరు సీసాలు ఏరుకునే ఇల్లు కోపంలో ఉంటుంది. రెండిళ్లకీ గోడ ఒకటే.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. కార్తీకమాసంలో వనభోజనాలకు వెళ్దాం అనగానే మగవాళ్లకి పేకముక్కలు గుర్తొస్తాయి, ఆడవాళ్లకి నాలుగింటికి లేచి కలపాల్సిన పులిహోర గుర్తొస్తుంది. ఈ వనభోజనాలు కులసంఘాల బ్యానర్ల కిందికి ఎప్పుడు చేరాయన్నది కూడా పరిశోధించాల్సిన విషయమే. ఉసిరి చెట్టుకి కులం లేదు గానీ, దాని కింద వేసే టెంటుకి ఉంది.

మళ్లీ బీచ్‌కి వద్దాం. మొక్కజొన్న కాల్చే మనిషిని కాసేపు చూడండి. ఎడమచేత్తో విసనకర్ర, కుడిచేత్తో కండె తిప్పడం, ఉప్పూకారంలో ముంచిన నిమ్మచెక్కతో రుద్దడం, మధ్యలో ఫోన్‌పే మోగిందా లేదా అని చెవి అటు పెట్టడం. ఆదివారం సెలవా అని అడిగితే నవ్వుతారు. వాళ్లకి అసలు బేరం ఆరోజే. వానపడితే సెలవు, కానీ ఆ సెలవుకి జీతం లేదు. పక్కనే జాలరిపేటలో అదే ఇసక పనిచేసే చోటు. మరబోట్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పిల్లలకి వేసవి సెలవులూ ఇంచుమించు ఆ రోజుల్లోనే. పడవలు ఒడ్డున ఆగిపోయినప్పుడే బీచ్ కిక్కిరిసిపోతుంది. ఒకే ఇసక మీద ఒకరికి విహారం, ఒకరికి పనిలేని రోజులు. ఈ రెండింటినీ కలిపి చూడాలన్నదే నా పట్టుదల.

ఈ ఏడాది ప్రాజెక్టులు చేసేవాళ్లకి రెండు సూచనలు. ‘మీ అనుభవం సంతృప్తికరంగా ఉందా’ అని ఒకటి నుంచి ఐదు దాకా గళ్లు గీసిన ప్రశ్నపత్రం ఇంట్లో పెట్టేయండి. బీచ్‌లో పనిచేసేవాళ్లతో మాట్లాడాలంటే మధ్యాహ్నం వెళ్లండి, సాయంత్రం బేరం చెడగొట్టొద్దు. పాడేరు వైపు వెళ్లేవాళ్లు ఆదివాసీ ఒడియా వచ్చిన క్లాస్‌మేట్‌ని బతిమాలైనా తీసుకెళ్లండి. టెంట్లవాళ్లతో తెలుగు సరిపోతుంది, చేనువాళ్ల దగ్గర సరిపోకపోవచ్చు. ఇక మీ ప్రశ్నలు అడగండి.