దేశాల డొమైన్ ఎక్స్‌టెన్షన్ల మీద పెట్టుబడి: డాట్ ఏఐ, డాట్ ఐఓ, డాట్ ఇన్‌లలో దేన్ని ఎంచుకోవాలి?

[తెరపై: కరీబియన్ సముద్రం మ్యాప్, అంగ్విల్లా దగ్గర చుక్క]

కరీబియన్ సముద్రంలో అంగ్విల్లా అని ఓ చిన్న దీవి ఉంది. జనాభా 16 వేలకు కాస్త అటూ ఇటూ. 2023లో ఆ ప్రభుత్వానికి డొమైన్ పేర్ల మీద వచ్చిన ఆదాయం సుమారు 3.2 కోట్ల అమెరికన్ డాలర్లు. మొత్తం రాబడిలో అయిదో వంతుకు పైనే. కారణం ఒక్కటే, 1995లో ఆ దీవికి కేటాయించిన రెండక్షరాల ఎక్స్‌టెన్షన్ (వెబ్‌సైటు పేరు చివర వచ్చే భాగం) డాట్ ఏఐ. అదే 2023లో 'యూ డాట్ ఏఐ' అనే పేరు 7 లక్షల డాలర్లకు చేతులు మారింది.

ఇలాంటి వార్త చూడగానే చాలామంది పేర్లు వెతకడం మొదలుపెడతారు. పేరు కంటే ముందు చూడాల్సింది ఎక్స్‌టెన్షన్‌ని, దాని వెనకున్న దేశాన్ని. ఈ వీడియోలో ఆ సంగతే చూద్దాం.

[తెరపై: "నియమాలు ఎవరివి?"]

డాట్ కామ్ లాంటి ఎక్స్‌టెన్షన్ నడిపే సంస్థకు, ప్రపంచంలో డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్‌తో కాంట్రాక్టు ఉంటుంది. రెన్యువల్ ధర పెంచాలంటే రిజిస్ట్రార్లకు, అంటే మనకు పేర్లు అమ్మే కంపెనీలకు, ఆరు నెలల ముందు చెప్పాలి. గడువు దాటి డిలీట్ అయిన పేరును వెనక్కి తెచ్చుకోవడానికి 30 రోజుల రిడెంప్షన్ ఉంటుంది. దేశాల ఎక్స్‌టెన్షన్లకు ఈ కాంట్రాక్టు వర్తించదు. ధర, అర్హత, గడువులు, వివాదాల పరిష్కారం అన్నీ ఆ దేశపు రిజిస్ట్రీ, అంటే ఆ ఎక్స్‌టెన్షన్‌ను నడిపే సంస్థ, నిర్ణయిస్తుంది. ఒకరకంగా కౌలు భూమి లాంటిది: పంట మీదే, నేల మీద మాట మాత్రం వాళ్లది.

ఆ మాట ఎంత గట్టిగా చెల్లుతుందో చెప్పడానికి నిజంగా జరిగినవే చాలు.

లిబియాది డాట్ ఎల్‌వై. 2010లో 'వీబీ డాట్ ఎల్‌వై' అనే లింకులు కుదించే సైటు పేరును అక్కడి రిజిస్ట్రీ లాగేసుకుంది. సైటులో ఉన్నది తమ చట్టానికి విరుద్ధమన్నారు. 2024లో తాలిబన్ల చేతిలో ఉన్న అఫ్గానిస్తాన్ డాట్ ఏఎఫ్‌లో 'క్వీర్ డాట్ ఏఎఫ్' అనే సైటు పేరు ఆగిపోయింది. యూరోపియన్ యూనియన్ డాట్ ఈయూ విషయంలో రాజకీయమే అడ్డొచ్చింది. బ్రెగ్జిట్ తర్వాత 2021 జనవరి 1 నుంచి ఈయూ పౌరసత్వం లేకుండా బ్రిటన్ చిరునామాతో ఉన్నవాళ్లు అర్హత పోగొట్టుకున్నారు, వేల పేర్లు ఆగిపోయాయి. డబ్బు కట్టినవాళ్లే, గడువు మిగిలి ఉన్నవాళ్లే.

ఇక డాట్ ఐఓ. టెక్ కంపెనీలకు ఇష్టమైన ఈ ఎక్స్‌టెన్షన్ బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతానిది, అంటే చాగోస్ దీవులది. ఆ దీవులను మారిషస్‌కు అప్పగించే ఒప్పందంపై బ్రిటన్ 2025 మేలో సంతకం చేసింది. రెండక్షరాల ఎక్స్‌టెన్షన్లు దేశాల కోడ్‌ల అంతర్జాతీయ జాబితా ఐఎస్ఓ 3166 మీద ఆధారపడతాయి, దీవులు చేతులు మారితే ఐఓ అందులోంచి పోవచ్చు. ఆ జాబితాలోంచి ఒక కోడ్ తొలగితే దాని ఎక్స్‌టెన్షన్‌ను మూసేయడానికి మామూలుగా అయిదేళ్లు, పొడిగిస్తే మొత్తం పదేళ్ల దాకా గడువిస్తారు. యుగోస్లావియా డాట్ వైయూ 2010లో అలాగే పోయింది. సోవియట్ యూనియన్ పోయినా డాట్ ఎస్‌యూ మాత్రం ఇంకా నడుస్తోంది. కాబట్టి డాట్ ఐఓ రేపే పోతుందని భయపడక్కర్లేదు. కానీ పదేళ్లు దగ్గర పెట్టుకుని అమ్ముదామన్న లెక్కతో ఇప్పుడు కొత్తగా డాట్ ఐఓ పేర్లు కొనడం మా దృష్టిలో సరైన పని కాదు. ఏడాది రెండేళ్లలో అమ్మే దారి కళ్లముందు కనిపిస్తేనే కొనండి.

[తెరపై: "మీకు అర్హత ఉందా?"]

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. అమెరికా డాట్ యూఎస్‌కు ఆ దేశ పౌరులై ఉండాలి, లేదా గ్రీన్ కార్డు ఉండాలి, లేదా స్థిర నివాసం అక్కడే ఉండాలి. మీ చిరునామా, ఫోన్ నంబరు దాచుకునే వీలుండదు. కెనడా డాట్ సీఏ ఇంకా కఠినం. పౌరసత్వమో పీఆరో లేకుండా స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు సొంత పేరు మీద తీసుకోకూడదు. స్నేహితుడి పేరు మీద కొనిపెడితే చట్టం దృష్టిలో యజమాని ఆ స్నేహితుడే.

[తెరపై: లెక్క పలక]

ఇప్పుడు అసలైన లెక్క. డొమైన్ పెట్టుబడి మునిగేది ఎక్కువగా రెన్యువల్ ఖర్చు దగ్గరే. ఒక ఉదాహరణ వేద్దాం. మీ దగ్గర 50 డాట్ ఇన్ పేర్లు ఉన్నాయి, ఒక్కోదానికి ఏడాదికి 800 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 40 వేలు. ఏడాదికి వందకు ఒక పేరు అమ్ముడవుతుందని లెక్కేస్తే 50 పేర్లకు రెండేళ్లకొక అమ్మకం. అప్పటికి 80 వేలు పెట్టారు. మార్కెట్‌ప్లేస్ 20 శాతం కమీషన్ తీసుకుంటే, ఆ ఒక్క పేరు లక్ష రూపాయలకు పోతేనే మీ పెట్టుబడి మీ చేతికొస్తుంది. లాభం ఆ పైన.

అదే లెక్క డాట్ ఏఐకి వేయండి. ఒకేసారి కనీసం రెండేళ్లకు కట్టాలి. ఏడాదికి పేరుకు 6,500 రూపాయల చొప్పున పట్టినా 50 పేర్లకు ఏడాదికి 3,25,000, రెండేళ్లకు ఆరున్నర లక్షలు. కమీషన్ పోను ఆ డబ్బు తిరిగి రావాలంటే ఒక్క పేరు 8,12,500కి అమ్మాలి. డాట్ ఏఐలో పెద్ద అమ్మకాలు ఉన్నమాట నిజమే. అవన్నీ ఒకే పదం పేర్లు, చిన్నవి, ఎప్పుడో ఎవరో తీసేసుకున్నవి. ఇవాళ ఖాళీగా దొరికే మూడు పదాల డాట్ ఏఐ పేరుకు ఆ ధర రాదు. అందుకే డాట్ ఏఐలో యాభై పేర్లు కాదు, మూడో నాలుగో మంచివి పెట్టుకోండి.

ఇంకో చిక్కు ప్రీమియం రెన్యువల్. కొన్ని రిజిస్ట్రీలు మంచి పదాలను పక్కన పెట్టి, కొన్నప్పుడే కాక ప్రతి ఏడాదీ అదే భారీ ధర వసూలు చేస్తాయి. తువాలు దేశపు డాట్ టీవీ అమెరికా కంపెనీ వెరిసైన్ చేతిలో ఉన్న రోజుల్లో దీంతో చాలామంది చేతులు కాల్చుకున్నారు. కార్ట్‌లో మొదటి ఏడాది ధర పెద్దక్షరాల్లో ఉంటుంది, రెన్యువల్ ధర కింద చిన్నగా ఉంటుంది. ఆ రెండోదాన్నే చదవండి.

కొలంబియా డాట్ సీఓ గురించి ఒక్క మాట. 2010లో అమెరికా ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ ఓవర్‌స్టాక్ 'ఓ డాట్ సీఓ'ను మూడున్నర లక్షల డాలర్లకు కొని బ్రాండు పేరే మార్చబోయింది. కస్టమర్లు అలవాటుగా డాట్ కామ్ టైప్ చేశారు. మరుసటి ఏడాదే కంపెనీ వెనక్కి తగ్గింది. డాట్ సీఓ కొనే కంపెనీ మనసులో ఈ భయం ఎప్పుడూ ఉంటుంది, బేరంలో అది మీ మీదే పడుతుంది.

[తెరపై: డాట్ ఇన్]

మొదటిసారి దిగేవాళ్లకు మేం చెప్పేది డాట్ ఇన్. 2005లో అందరికీ తెరిచారు, దాని రిజిస్ట్రీ నిక్సీ చూసుకుంటుంది. కొనేవాడు ఇండియాలో వ్యాపారం చేసేవాడు కాబట్టి, ఏ పదానికి గిరాకీ ఉంటుందో మనకు తెలుస్తుంది. గూగుల్ డాట్ ఏఐ, డాట్ సీఓ, డాట్ ఐఓలను ఏ దేశానికీ ముడిపెట్టకుండా చూస్తుంది. డాట్ ఇన్‌ను ఇండియాకే లెక్క కడుతుంది. ఇక్కడి కస్టమర్లు కావాల్సిన వ్యాపారికి అది లాభమే.

అయితే డాట్ ఇన్‌లో రెండు సంగతులు గట్టిగా పట్టించుకోవాలి. ఒకటి, వివరాలు దాచే ప్రైవసీ సేవకు అనుమతి లేదు. వివరాలు తప్పుగా ఉంటే, ధ్రువీకరణ మెయిల్ పట్టించుకోకపోతే పేరు ఆగిపోవచ్చు. రెండోది ఐఎన్‌డీఆర్‌పీ, అంటే డాట్ ఇన్ పేర్ల వివాదాలు తీర్చే నియమాలు. డాట్ కామ్ వివాదాల్లో దురుద్దేశంతో రిజిస్టర్ చేశారనీ, దురుద్దేశంతో వాడుతున్నారనీ రెండూ నిరూపించాలి. ఐఎన్‌డీఆర్‌పీలో ఈ రెండింట్లో ఏదో ఒకటి చాలు. అంటే ఫిర్యాదు చేసేవాడి పని ఇక్కడ తేలిక. ఒక బ్రాండు పేరుకు దగ్గరగా ఉన్న పేరు కొని వాళ్లకే ధర చెబుతూ మెయిల్ పెట్టారో, ఆ మెయిలే మీకు వ్యతిరేకంగా సాక్ష్యం. ఆర్బిట్రేటర్ ఆ పేరును వాళ్లకు బదిలీ చేయమంటారు. మీ చేతికి పైసా రాదు.

తెలుగు లిపిలో 'డాట్ భారత్' కూడా ఉంది. భాష మీద ప్రేమతో సొంత సైటుకు తీసుకోండి, చాలా మంచిది. అమ్మకానికైతే కొనేవాళ్లు దొరకడం ఇప్పటికి కష్టం. చాలా ఫారాల్లో, మెయిల్ సర్వీసుల్లో ఆ చిరునామా ఇంకా పనిచేయదు.

[తెరపై: ఒక పేరును పరీక్షించడం]

ఒక పేరు నచ్చింది, డాట్ ఇన్‌లో ఖాళీగా ఉంది. కొనే ముందు ఇలా చేయండి. ముందు ఆ పదంతో డాట్ కామ్ తెరిచి అక్కడ నడుస్తున్న వ్యాపారం ఉందేమో చూడండి. అది మామూలు పదమై, ఆ వ్యాపారం ఇండియాలో లేకపోతే మంచిదే, రిజిస్టర్ అయిన బ్రాండైతే అక్కడితో ఆపేయండి. తర్వాత ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ కార్యాలయం ఐపీ ఇండియా సైటులో ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్ చేయండి. స్పెల్లింగు ఒక్కటే కాదు, ఉచ్చారణ దగ్గరగా ఉన్నవీ వెతకండి. ఆ తర్వాత డొమైన్ అమ్మకాల వివరాలుండే నేమ్‌బయో సైటులో డాట్ ఇన్ ఎంచుకుని అలాంటి పదాల పాత అమ్మకాలు చూడండి. వేరే ఎక్స్‌టెన్షన్ అమ్మకాన్ని ఆధారంగా తీసుకోవద్దు. పాత పేరైతే, సైట్ల పాత పేజీలను దాచే వేబ్యాక్ మెషీన్‌లో గతం తెరవండి. జూదమో నకిలీ మందులో కనిపిస్తే వదిలేయండి, ఆ మచ్చ సెర్చ్ ఫలితాల్లో వెంటాడుతుంది.

చివరగా ఒక కాగితం మీద ఆ పేరు కొనగల పది నిజమైన వ్యాపారాల పేర్లు రాయండి. ఆ పేరు వాళ్ల బ్రాండు కాకూడదు, వాళ్లు చేసే పనిని చెప్పే పదం కావాలి. పది రాయలేకపోతే కొనకండి.

[తెరపై: అమ్మేటప్పుడు]

బేరం కుదిరాక పేరును ముందు బదిలీ చేసేయొద్దు. బేరం ముగిసేదాకా డబ్బు మధ్యలో పట్టి ఉంచే ఎస్క్రో సేవలో డబ్బు పడిందో లేదో, ఆ సేవ ఖాతాలోకి వెళ్లి మీరే చూసుకోండి, మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కకండి. కొనేవారికి అదే రిజిస్ట్రార్‌లో ఖాతా తెరవమంటే పుష్ చేయడం, అంటే పేరును మీ ఖాతా నుంచి వాళ్ల ఖాతాకు మార్చడం, తేలిక. వేరే రిజిస్ట్రార్ అయితే లాక్ తీసి, బదిలీకి కావాల్సిన రహస్య కోడ్ (ఆథ్ కోడ్) ఇవ్వాలి. అమ్మకం పూర్తయ్యేదాకా రెన్యువల్ గడువు దగ్గర పడకుండా ముందే ఏడాదికి కట్టి పెట్టండి. గడువు దాటిన పేరు బేరం మధ్యలో ఆగితే కొనేవాడు తిరిగి రాడు.