అందరికీ భోజనం, కొందరికి డబ్బా

అందరికీ నమస్కారం.

బడిలో పిల్లలందరికీ ఉచితంగా భోజనం పెట్టాలా వద్దా అన్న విషయం మీద మాట్లాడమని పిలిచారు. పెట్టాలనే అంటాను. అది చెప్పడానికి ఇంతసేపు అక్కర్లేదు. మిగిలిన టైమంతా అదే భోజనాల గదిలో ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పుకుని కూర్చునే పిల్లల గురించి మాట్లాడతాను. అందరికీ పెట్టడం మొదలుపెట్టాక కూడా వాళ్లు ఉంటారు. మన లెక్కల్లో మాత్రం ఉండరు.

నేను చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. మధ్యాహ్నం డ్యూటీ అంటే స్టాఫ్‌రూంలో ఎవరికీ ఇష్టం ఉండదు. నాకు మాత్రం అక్కడే పిల్లలు బాగా అర్థమయ్యేవారు. ఓ అమ్మాయి డబ్బా మూత పూర్తిగా తీసేది కాదు. ఎడమచేత్తో మూతను అడ్డంగా నిలబెట్టి, దాని చాటున కుడిచేత్తో తినేది. అందరికంటే ముందే ముగించేది. ఏదో మంచి పదార్థం తెచ్చుకుని ఎవరికీ పెట్టకుండా తింటోందని మొదట అనుకున్నాను. ఓ రోజు వెనక నుంచి వెళ్తూ చూశాను. డబ్బాలో అడుగు మాత్రమే నిండి ఉంది.

అదే బల్ల చివర ఒక అబ్బాయి. మూడు అరల డబ్బా, నిండుగా. రోజూ సగం అలాగే ఇంటికి వెళ్లిపోయేది. వాడి చూపంతా పక్కన వేడివేడిగా వడ్డిస్తున్న లైను మీదే. రిజిస్టర్‌లో మాత్రం ఇద్దరికీ ఒకటే గడి: ‘భోజనం వద్దు’.

ఆ అమ్మాయికి అప్పటికే ఉచిత భోజనానికి అర్హత ఉంది. అయినా లైనులోకి వచ్చేది కాదు. అప్పట్లో ఆ లైనులో నిలబడటమంటే ఇంటి పరిస్థితి ఏమిటో బడి అంతటికీ చాటుకోవడమే. ఎనిమిదేళ్ల పిల్లకు ఆకలి కంటే ఆ చూపులే ఎక్కువ టెన్షన్.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. ఇంగ్లండ్‌లో 2009 నుంచి రెండేళ్లపాటు డరమ్, న్యూహామ్ ప్రాంతాల ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలందరికీ ఉచితంగా పెట్టి చూశారు. కొత్తగా ఉచితం అయినవాళ్లు ఎక్కువమంది తిన్నారు, అందులో వింత లేదు. అంతకుముందు నుంచే ఉచితంగా తినే హక్కున్న పిల్లల్లో కూడా తినేవాళ్లు పెరిగారు. వాళ్లకు కొత్తగా మారిందేమీ లేదు, పక్కవాడికి కూడా ఉచితం కావడం తప్ప. చదువులో కూడా ఆ రెండు చోట్లా పిల్లలు నాలుగు నుంచి ఎనిమిది వారాల మేర ముందుకు వెళ్లారని లెక్క తేలింది. అదే సమయంలో ఇంగ్లండ్‌లోనే వుల్వర్‌హాంప్టన్‌ అనే చోట అందరికీ కాకుండా, మరికొన్ని పేద కుటుంబాలకు మాత్రం అర్హత పెంచారు. అక్కడ చదువులో అలాంటి తేడా కనిపించలేదు. ‘ఉన్నవాళ్లకు ఎందుకు పెట్టాలి’ అని అడిగేవాళ్లకు నేను ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

2014 సెప్టెంబరు నుంచి ఇంగ్లండ్‌లో మొదటి మూడు తరగతులకూ అందరికీ ఉచితం చేశారు. బడికి ప్రభుత్వం నుంచి డబ్బు మాత్రం తిన్నవాళ్ల లెక్కను బట్టి వస్తుంది. ఆ లెక్క తీసే రోజులు ముందే తెలుసు కాబట్టి చాలా బడులు ఆ రోజున పిల్లలకు నచ్చే స్పెషల్ మెనూ పెడతాయి. డబ్బా పిల్లలకు ఆ రోజు మహా మర్యాద! తప్పు పట్టను, వంటమనిషి జీతమూ పొయ్యి ఖర్చూ పదిమంది తక్కువ తిన్నంత మాత్రాన తగ్గవు కదా. కానీ పిల్లలకు ఏది నచ్చుతుందో వంటగదికి ముందే తెలుసని ఆ ఒక్కరోజు బయటపడిపోతుంది.

డబ్బా అనగానే అమ్మ చేతి వంట, ఆరోగ్యం అనుకుంటాం. ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రాథమిక పాఠశాల పిల్లల డబ్బాలు తెరిచి చూస్తే, బడి భోజనానికి పెట్టిన ప్రమాణాలన్నీ అందుకున్నవి వందకు రెండు కూడా లేవు. పొద్దున్నే హడావుడిలో, పాడవకుండా, చల్లారినా తినేలా, పిల్ల మారాం చేయకుండా ఉండేలా ఏదో ఒకటి సర్దాలి. సర్దినవాళ్లను ఆడిపోసుకోవడం సులువే, ఆ పని రోజూ చేసి చూస్తే తెలుస్తుంది.

మరి డబ్బాలు మానిపించేద్దామా? నేను ఒప్పుకోను. కొన్ని పదార్థాలు పడని పిల్ల ఉంటుంది, పొరపాటున ఒక్క ముద్ద తిన్నా ఆసుపత్రికి పరుగెత్తాలి. షుగర్ ఉన్న పిల్లాడు ఉంటాడు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు రోజూ అదే పదార్థం, అదే డబ్బాలో ఉంటేనే ముట్టుకుంటారు. మతం, ఇంటి నియమాలు సరేసరి. ఇంకో కారణం ఉంది, పెద్దవాళ్లకు తట్టదు. భోజన విరామం అరగంటే అయితే, లైనులోనే ఇరవై నిమిషాలు పోతాయి. డబ్బా ఉన్నవాడు గబగబా తినేసి ఆటకు పరుగెత్తుతాడు. ఒకసారి ఒక తరగతిలో డబ్బాలు ఎందుకు పెరుగుతున్నాయా అని రుచి గురించీ ఉప్పూకారాల గురించీ ఆరా తీశాం. చివరికి ఓ పిల్లాడే చెప్పాడు: ఆటకు ముందు వెళ్లినవాళ్లకే బంతి!

ఫిన్లాండ్ 1943లోనే చట్టం చేసి, 1948 కల్లా బడిపిల్లలందరికీ ఉచిత భోజనం అందించింది. పక్కనే ఉన్న నార్వేలో పిల్లలు డబ్బాలే తెచ్చుకుంటారు. అందరిదీ డబ్బాయే కాబట్టి డబ్బా తెచ్చుకున్నందుకు ఎవరూ వేరుగా కనిపించరు, అయితే లోపల ఏముందన్నది ఇంటి మీదే ఆధారపడుతుంది. మన దేశంలో 2001 నవంబరులో సుప్రీంకోర్టు, బడిపిల్లలకు ధాన్యం ఇవ్వడం కాదు, వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. ధాన్యం ఇంటికి పంపితే అందరి కంచాల్లోకీ సర్దుకుపోతుంది, వండి వడ్డిస్తే ఆ పిల్ల కడుపులోకే వెళ్తుంది.

నాకు అసలు కోపం తెప్పించేది డబ్బా పిల్లలకు వేరే బల్ల వేయడం. తుడవడం సులువని, పర్యవేక్షణ సులువని అంటారు. పడని పదార్థాలున్న పిల్లల కోసం జాగ్రత్త కావాలి, దానికి ఆ ఒక్క పిల్ల చుట్టూ ఏర్పాటు చేయండి. మిగిలినవాళ్లను స్నేహితుల పక్కన కూర్చోనివ్వండి. రిజిస్టర్‌లో ‘వద్దు’ పక్కన ‘ఎందుకు’ అన్న గడి ఇంకొకటి గీయండి. అడిగేటప్పుడు మాత్రం నలుగురిలో అడగకండి.

మా బడిలో అందరికీ ఉచితం చేసిన వారం కూడా ఆ అమ్మాయి డబ్బాతోనే వచ్చింది. రెండో వారం లైనులో కనిపించింది, చేతిలో ప్లేటు లేదు. తన డబ్బానే చాపింది. ప్లేటులోనే వడ్డించాలని నియమం. వడ్డించే ఆవిడ నా వైపు చూసింది, నేను కిటికీ వైపు చూశాను. ఆవిడ డబ్బా నింపింది. ఆ పిల్ల వెళ్లి తన పాత చోటే కూర్చుంది. మూత తీసి బల్ల మీద పెట్టింది.