నోటుకు విలువ ఎక్కడి నుంచి వస్తుంది?

శ్రోతలకు నమస్కారం.

మన గోదావరి డెల్టాలో కౌలు మాట్లాడుకునేటప్పుడు రూపాయల ఊసు తక్కువ. ఎకరానికి ఇన్ని బస్తాలు అనుకుంటే బేరం కుదిరినట్టే. బస్తా అంటే 75 కిలోల ధాన్యం. వచ్చే ఏడు రూపాయికి ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి ఆ లెక్క నిలబడింది. నోటు మీద అంకె వేరు, దానితో కొనగలిగేది వేరు అని మన రైతులకు ఎప్పుడో తెలుసు.

మరి ఆ కాగితాన్ని అందరం ఎందుకు పుచ్చుకుంటున్నాం?

వంద నోటు తీసి చూడండి. తెచ్చినవారికి వంద రూపాయలు చెల్లిస్తానని రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం పెట్టి మాటిచ్చారు. పట్టుకెళ్లి అడిగితే మరో నోటో, చిల్లరో ఇస్తారు, బంగారం ఇవ్వరు. 1861 చట్టంతో నోట్ల ముద్రణ ప్రభుత్వం చేతికి వచ్చిన కొత్తలో నోటుకు వెండి రూపాయలు ఇచ్చేవారు. తులం బరువున్న ఆ రూపాయిలో 12 పాళ్లకు 11 పాళ్లు వెండే. 1940లో వెండిని సగానికి తగ్గించారు. 1947లో నికెల్ రూపాయి వచ్చింది. వెండి పోయినా రూపాయి చెల్లుతూనే ఉంది.

దానికి ఒక పెద్ద కారణం పన్ను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక రైతు నీటి తీరువా కట్టాల్సి వచ్చింది. సర్కారుకు రూపాయలే కావాలి. రైతు ధాన్యం అమ్మి రూపాయలు సంపాదించాలి, ఆ రైతుకు సరుకు అమ్మేవాడూ వాటినే అడుగుతాడు. పక్కనే యానాంలో 1954 దాకా ఫ్రెంచివారి పాలన. ఫ్రెంచి ఇండియా కోసం ఇండోచైనా బ్యాంకు వేరే రూపాయి నోట్లు అచ్చు వేసింది. ఆ పాలనతోనే వాటి కాలమూ ముగిసింది.

చట్టానికి ఎంత బలం ఉందో మనం 2016 నవంబరు 8 రాత్రి చూశాం. అయిదు వందలు, వెయ్యి నోట్ల కాగితం మారలేదు, రంగు మారలేదు. చెల్లవన్నారు, అంతే. డెల్టాలో అది సార్వా కోతల కాలం. చేతిలో డబ్బుండీ కూలి ఇవ్వలేక రైతులు, కూలి అందక కూలీలు పడిన టెన్షన్ చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటుంది.

అయితే చట్టం ఒక్కటే నోటును కాపాడలేదు. 1923లో జర్మనీ మార్కు చట్టం ప్రకారం చెల్లేదే. ప్రభుత్వం ఖర్చుల కోసం అడ్డూ అదుపూ లేకుండా అచ్చు వేసింది. రొట్టె కొనడానికి నోట్ల కట్టలు మోసుకెళ్లాల్సి వచ్చింది. 2009లో జింబాబ్వే వంద లక్షల కోట్ల డాలర్ల నోటు విడుదల చేసింది, అదీ నిలవలేదు. పంట, సరుకు, పని పెరగకుండా నోట్లు మాత్రమే పెరిగితే ధరలు ఎగబాకుతాయి. మన దగ్గర నోట్ల వెనుక ఉండాల్సిన కనీస నిల్వ 1957 నుంచి 200 కోట్లు, అందులో 115 కోట్లు బంగారం. చలామణిలో ఉన్న నోట్లు లక్షల కోట్లు. అంటే రూపాయిని నిలబెడుతున్నది ఆ బంగారం కాదు. ఎంత డబ్బు వదలాలి, ఎక్కడ ఆపాలి అన్న నిగ్రహమే.

2016 నుంచి రిజర్వు బ్యాంకుకు ఒక లక్ష్యం ఉంది: ధరల పెరుగుదల ఏటా 4 శాతం దగ్గర ఉండాలి. చిన్న అంకెలాగే కనిపిస్తుంది. కానీ ఆ లెక్కన కూడా సుమారు 18 ఏళ్లలో ధరలు రెట్టింపవుతాయి. భూమి, బంగారం ఉన్నవాళ్లు తట్టుకుంటారు. నాట్లకు వెళ్లి కూలి డబ్బులు కూతురి పెళ్లికని ట్రంకు పెట్టెలో దాచుకునే తల్లికి మాత్రం ఆ సొమ్ములో సగం విలువ తెలియకుండానే పోతుంది. నన్ను ఎక్కువ బాధించేది ఇదే.

రిజర్వు బ్యాంకులో వడ్డీ రేట్లు నిర్ణయించే కమిటీ దాదాపు రెండు నెలలకోసారి సమావేశమవుతుంది. ఆ వార్త మనది కాదనుకోకండి. ధరలు ఎంత శాతం పెరిగాయని చెప్పారో వినండి, మీ కూలి అంతకన్నా ఎక్కువ పెరుగుతోందో లేదో, మీ డిపాజిట్ మీద వచ్చే వడ్డీ శాతం అంతకన్నా ఎక్కువో కాదో పోల్చి చూసుకోండి. నమస్కారం.