ముక్కు బరువు 38 కిలోలు: సాలూరు క్యాంపర్ ట్రైలర్ రివ్యూ, అడగని ఓ సలహా

నమస్కారమండీ. జయపురం నుంచి మాట్లాడుతున్నాను. రాజస్థాన్ జైపూర్ కాదు, ఒడిశాలో మన కోరాపుట్ జిల్లా జయపురం.

నా వెనకాల తెల్లటి డబ్బా కనిపిస్తోంది కదా, ఈరోజు రివ్యూ దాని గురించే. కారుకి తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు. పొడవు 12 అడుగులు, ఒకటే ఇరుసు. ఆంధ్రలోని సాలూరులో లారీ బాడీలు కట్టే షెడ్డులో కట్టించారట. ఆ మేస్త్రీల వెల్డింగ్‌కి నేను వంక పెట్టలేను, అతుకు ఎక్కడుందో వేలికి కూడా తగలట్లేదు. సెకండ్ హ్యాండ్. 6.5 లక్షలు చెబుతున్నారు.

తీరిగ్గా షూట్ చేసుకుందామని వస్తే అప్పటికే ఇంకొకాయన చూస్తున్నారు. రాయగడ నుంచి వచ్చారు, వెంట వాళ్లమ్మగారు. ఆవిడకి దేవమాలి కొండ చూడాలని ఎప్పటినుంచో కోరికట. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం అదే, 1,672 మీటర్లు. రాత్రి అక్కడే పడుకుని పొద్దున్నే కిందున్న మబ్బులు చూపించాలని ఆయన ఆశ. ఆలోచన బంగారం. కానీ ఆయన లోపలికెళ్లి పరుపు నొక్కుతున్నారు, లైట్లు వేసి ఆర్పుతున్నారు. అమ్మేవాడు ఒడియాలో "ఆజ్ఞా, ఆజ్ఞా" (అయ్యా, అయ్యా) అంటూ వెనకే తిరుగుతున్నాడు.

నన్నెవరూ ఏమీ అడగలేదండీ. నా నోరు ఊరుకుంటేగా. "సార్, పరుపు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ముందు కింద చూడండి" అనేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీరిక్కడ పనిచేస్తారా?" అన్నారు.

లేదన్నాను. అక్కడితో ఆగాలి కదా. ఆగలేదు. "మీ కారేంటి సార్?" అనడిగాను. చిన్న హ్యాచ్‌బ్యాక్. ఇదిగో, ట్రైలర్ మీదున్న ఈ ప్లేటు దగ్గరగా చూపిస్తున్నాను, చదవండి. ఖాళీగా 780 కిలోలు, నిండితే 1,000 కిలోలు. అంటే మనం ఎక్కించుకోగలిగేది 220 కిలోలే. నీళ్ల ట్యాంకు 80 లీటర్లు, లీటరంటే కిలో, అక్కడికే 80 పోయాయి. నిండు గ్యాస్ బండ సుమారు 30. బ్యాటరీ, ఇన్వర్టర్ ఇంకా బిగించలేదు, వాటికో 40. మిగిలిన 70లో పక్కబట్టలు, బియ్యం, గిన్నెలు, బట్టల పెట్టెలు. పైగా దీనికి నిలబెట్టినప్పుడు వేసే హ్యాండ్ బ్రేకు తప్ప దారిలో పనిచేసే బ్రేకు లేదు. సుంకి ఘాట్ దిగుతుంటే వెనక టన్ను బరువు తోస్తూనే ఉంటుంది, దాన్నీ ఆ చిన్న కారు బ్రేకులే ఆపాలి.

ఇప్పుడు అసలు విషయం. ట్రైలర్ ముందు కొస, కారు వెనక గుండు మీద కూర్చునే ముక్కు ఉంది చూశారా, మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు దాని మీద పడాలి. తక్కువైతే తోక బరువెక్కుతుంది, కాస్త వేగం పెరగగానే బండి పాములా ఊగుతుంది. అలా ఊగినప్పుడు కంగారుపడి స్టీరింగ్ అటూ ఇటూ తిప్పకూడదు, బ్రేకు గట్టిగా తొక్కకూడదు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయాలి.

పక్కనే ధాన్యం కొట్టుంటే వాళ్లనడిగి కాటా తెచ్చాను. ట్రైలర్‌ని సమంగా నిలబెట్టి, ముక్కు కింద చెక్క దిమ్మ పెట్టి, దిమ్మ కింద కాటా. ఎంత చూపించిందనుకున్నారు? 38 కిలోలు. ఖాళీ బండికే కనీసం 78 ఉండాలి, అందులో సగం కూడా లేదు. ఎందుకంటే ఏసీ వెనక గోడకి బిగించారు, నీళ్ల ట్యాంకు కూడా ఇరుసుకి వెనకే. ఇప్పుడు ట్యాంకు ఖాళీగా ఉంది. నింపితే ఈ 38 కూడా తగ్గుతుంది!

అమ్మేవాడి మొహం మాడిపోయింది. "కాటా తప్పు" అన్నాడు. సరే అని నేనెక్కి నిలబడ్డాను. నా బరువు సరిగ్గానే చూపించింది, అంకె చెప్పను.

టైర్లు చూడండి. అరుగుదల లేదు, నల్లగా మెరుస్తున్నాయి. పక్కన కోడిగుడ్డు ఆకారంలో ఉన్న గడిలో నాలుగంకెలున్నాయి: 1417. అంటే 2017లో 14వ వారం తయారీ. తిరగని బండి టైరు అరగదు, ముసలిదవుతుంది. ఇక కాగితాలు. ట్రైలర్ కూడా చట్టం లెక్కలో మోటారు వాహనమే, దానికి సొంత ఆర్‌సీ, సొంత నంబరు ఉండాలి. వీళ్లు బిల్లు చూపించారు గానీ ఆర్‌సీ "ఇంట్లో ఉంది" అంటున్నారు. ఆంధ్ర నంబరు బండిని ఇక్కడ 12 నెలలకి మించి ఉంచితే ఎన్‌ఓసీ, అంటే అక్కడివాళ్లు అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం, తెచ్చి ఒడిశా నంబరు వేయించుకోవాలి. సరిహద్దులో ఉండేవాళ్లం, మనకి ఈ తలనొప్పి కొత్త కాదు.

ఇదంతా ఆయనకి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. చేతులు కట్టుకుని విన్నారు. "మేం చూసుకుంటాం లెండి" అన్నారు, మర్యాదగానే. మనకెందుకొచ్చిన గొడవ అనిపించి కెమెరా సర్దుకుంటున్నాను.

అప్పుడు వాళ్లమ్మగారు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు. చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని కాలెత్తారు, మళ్లీ దించేశారు. "నాయనా, ఇదెక్కడం ఎలాగ?" అన్నారు. టేపు పెట్టి చూస్తే మెట్టు నేల నుంచి 17 అంగుళాలు, పట్టుకోడానికి కమ్మీ కూడా లేదు. ముక్కు తూచాను, టైరు పుట్టిన తేదీ చదివాను, ఆవిడ మోకాళ్లు మాత్రం నాకూ తట్టలేదు, ఆ కొడుక్కీ తట్టలేదు.

వాళ్లు కొనకుండానే వెళ్లారు. వెళ్తూ ఆయన కాటా ఏ కొట్టుదని అడిగారు. నేను కూడా కొనట్లేదు. ట్యాంకు ఇరుసుకి ముందుకి మార్చి, కింద ఇంకో మెట్టు వేసి, ఆర్‌సీ చేతిలో పెడితే మళ్లీ వచ్చి తూచి వీడియో పెడతాను. అప్పటికైనా 6.5 లక్షలు ఎక్కువేనండీ.